మన వెబ్‌సైట్ బీరువాలో ఏ అరలో ఏముంది?

నిరుడు మన సంఘం వెబ్‌సైట్ ఆగిపోయినప్పుడు పాత ఉగాది ఫోటోలు, సభ్యుల జాబితా ఏమయ్యాయని చాలామంది అడిగారు. సైటు చేసిపెట్టిన కుర్రాడు విదేశానికి వెళ్తూ ఇచ్చిన పెన్‌డ్రైవ్ మా దగ్గరే ఉంది. తెరిచి చూస్తే ఫోల్డర్లు చాలా ఉన్నాయి, మనకు కావలసినవే లేవు. తప్పు అతనిది కాదు, ఏది అడిగి తీసుకోవాలో మాకే తెలియలేదు. ఆ తరువాత కూర్చుని నేర్చుకున్నది మీకూ చెబుతున్నాం.

మన సైటు జాంగోతో కట్టింది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, లారెన్స్ ఊళ్లోని ఒక దినపత్రిక వెబ్ విభాగంలో పుట్టి, 2005లో అందరికీ ఉచితంగా విడుదలైన ఫ్రేమ్‌వర్క్ ఇది. దీని ఫోల్డర్లకూ మా పాత ఆఫీసు రికార్డు రూములాగే ఒక వరుస ఉంది.

సెట్టింగ్స్: ఆఫీసు నిబంధనల ఫైలు. కొత్త ప్రాజెక్టులో సమయం యూటీసీ అని ఉంటుంది. దాన్ని ఆసియా/కోల్‌కతా అని మార్చకపోతే ఉదయం 10 గంటలకు కట్టిన చందా 4.30కే కట్టినట్టు కనిపిస్తుంది. సీక్రెట్ కీ కూడా మామూలుగా ఇందులోనే పుడుతుంది. కాబట్టి ఈ ఫైలును వాట్సాప్‌లో పంపకూడదు.

యూఆర్‌ఎల్స్: ఇన్‌వార్డ్ గుమాస్తా. వచ్చిన కాగితం ఏ సీటుకు వెళ్లాలో చెబుతుంది.

వ్యూస్: ఆ సీటులో కూర్చుని పని చేసేవారు.

మోడల్స్: రిజిస్టరులో గీసిన గళ్లు. ఆ గళ్లను ఎప్పుడెలా మార్చామో మైగ్రేషన్స్ ఫోల్డర్ చెబుతుంది.

టెంప్లేట్స్: అచ్చు వేసిన ఫారాలు.

స్టాటిక్: లోగో, రంగులు, అక్షరాల తీరు.

మీడియా: సభ్యులు ఎక్కించిన ఫోటోలు.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. మోడల్స్‌లో ఉండేవి ఖాళీ గళ్లే. నిండిన రిజిస్టరు డేటాబేస్. చిన్న సైట్లలో అది ప్రాజెక్టులోనే ఒక ఫైలుగా ఉండొచ్చు. మనది పోస్ట్‌గ్రెస్, సర్వర్‌లో విడిగా ఉండేది. పైగా కోడ్ దాచే గిట్‌లో మీడియాను, డేటాబేస్‌ను సాధారణంగా పెట్టరు. మన పెన్‌డ్రైవ్‌లోకి వచ్చింది గిట్‌లోని కోడ్ మాత్రమే. అంటే బీరువా వచ్చింది, కాగితాలు రాలేదు. కోడ్ పోతే మళ్లీ రాయించుకోవచ్చు, ఆ ఫోటోలను రాయించుకోలేం.

అందుకే ఇకమీదట సైటు ఎవరు చూసినా నాలుగు అడిగి తీసుకుంటాం: కోడ్, డేటాబేస్ నకలు, మీడియా ఫోల్డర్, డొమైన్ పాస్‌వర్డ్. మీ గుడికో, అపార్ట్‌మెంట్ సంఘానికో సైటు ఉంటే మీరూ అడగండి. మీ ఫోన్లలో మన పాత ఉగాది ఫోటోలుంటే దయచేసి కార్యాలయానికి పంపండి, మీడియా అర మళ్లీ నింపుకుందాం.