చింతచెట్టు మీది చుట్టాలు

దండెం మీద ఉతికి ఆరేసిన చీర మీద తెల్లటి రెట్ట. గుమ్మం ముందు ఎక్కణ్నుంచో జారిపడ్డ చేప. గాలి ఇటు తిరిగిందంటే చేపల బజారు వాసన. ఇంకో ఊళ్లో అయితే ఆ చెట్టు కొమ్మలు ఈపాటికి పొయ్యిలోకి వెళ్లేవే! తేలినీలాపురంలో మాత్రం అవి చెక్కుచెదరవు.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని ఈ పల్లెకి ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులు, అదేనండీ పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చేస్తాయి. ఇళ్ల మధ్యనున్న చింతచెట్ల మీదే గూళ్లు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చాక వేసవి మొదట్లో వెళ్లిపోతాయి. అవి వస్తే వానలు పడతాయనీ పంటలు పండుతాయనీ ఊరివాళ్ల నమ్మకం. రావడం ఆలస్యమైతే దిగులు. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో అయితే ఈ ఎర్రకాళ్ల కొంగల్ని పురిటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు.

నమ్మకం ఒక్కటే అయితే ఇన్నేళ్లు నిలిచేది కాదేమో. కళ్లెదుట జరిగే సంసారం అది. గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు లాక్కుంటుంది. మిట్టమధ్యాహ్నం తల్లికొంగ రెక్కలు గొడుగులా చాపి పిల్లలకు నీడపడుతుంది. ఇవన్నీ చూస్తూ పెరిగిన పిల్లలు ఆ చెట్టుకి చింతపండుతో వెల కట్టలేరు.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని అక్కడ ఎవర్నడిగినా చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ నిజం కాదు. మన దగ్గరికొచ్చే ఈ రెండు జాతులూ ఇక్కడివే. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి, దక్షిణాసియాలోనే తిరుగుతుంటాయి. అంటే చుట్టాలు కాదు, ఇంటివాళ్లే! ఇక్కడ చోటు కరవైతే తిరిగి వెళ్లడానికి వాటికి వేరే దేశం లేదు.

చెట్టు ఊరి చేతిలో ఉంది. తిండి మాత్రం ఊరవతల, నౌపడ వైపు తంపర భూముల్లో, చెరువుల్లో ఉంది. కాకరాపల్లి తంపరలో థర్మల్ విద్యుత్కేంద్రం కట్టబోతే రైతులూ మత్స్యకారులూ ఎదురుతిరిగారు. 2011 ఫిబ్రవరిలో అది పోలీసు కాల్పుల దాకా వెళ్లి ప్రాణాలు పోయాయి. వాళ్ల పోరాటం ప్రధానంగా బతుకుతెరువు కోసమే. కానీ ఆ నీళ్లలోనే గూడబాతుల తిండీ ఉంది.

2021 చివర్లో, 2022 మొదట్లో ఇంకో దెబ్బ. గూడబాతులు పెద్దసంఖ్యలో చెట్ల కింద చచ్చిపడ్డాయి. కారణం నులిపురుగులని పరీక్షల్లో తేలింది. చేపలతో పాటు కడుపులోకి వెళ్లాయి. చెట్టునెంత కంటికి రెప్పలా కాచుకున్నా, చెరువులో ఏముందో చూడకపోతే ఏమవుతుందో అప్పుడు తెలిసొచ్చింది.

పిల్లల్ని తీసుకెళ్లాలనుకుంటే డిసెంబరు, జనవరి నెలలు మంచివి. గూళ్ల నిండా పిల్లలుంటాయి. నౌపడ జంక్షన్‌లో దిగితే ఊరు దగ్గరే. పొద్దున్నే వెళ్లండి, చెట్ల కింద గోల చెయ్యకండి. గొడుగు మాత్రం మర్చిపోవద్దు... ఎండకి కాదు!