ఆటగాని వెల

ఒకనాడు గణితపు తరగతి ముగిసిన పిమ్మట కొందరు బాలురు దినపత్రిక చుట్టును మూగి యుండిరి. అందు క్రికెట్ ఆటగాండ్ర వేలంపాట వివరములు ప్రకటింపబడినవి. ఒకనికి కోట్లు, మరియొకనికి లక్షలు. కొందరిని పాడినవారే లేరు. ఆ గుంపులోని యొక చిన్నవాడు నన్ను చూచి, "మాస్టారూ, సంతలో ఎద్దును కొన్నట్లు మనుష్యుని కొనవచ్చునా? కొన్నచో వాని వెల యింతయని ఎట్లు లెక్కవేయుదురు?" అని యడిగెను. ఒక ప్రశ్న యని వాడనుకొనెను గాని యవి రెండు. రెండవది లెక్కకు సంబంధించినది. మొదటిది న్యాయమునకు సంబంధించినది. ఈ రెంటికిని నాకు తెలిసినంతలో సమాధానము చెప్పుటయే యీ వ్యాసోద్దేశము.

మన దేశమున నిట్టి వేలము మొట్టమొదట 2008 సంవత్సరము ఫిబ్రవరి నెలలో బొంబాయి నగరమున జరిగెను. నాడు మహేంద్రసింగ్ ధోనీని చెన్నై వారు 15 లక్షల డాలర్లకు పాడిరి. అదియే నాటి హెచ్చు పాట. మన హైదరాబాదు పక్షమగు డెక్కన్ చార్జర్స్ వారు ఆస్ట్రేలియా దేశీయుడగు ఆండ్రూ సైమండ్సును 13 లక్షల 50 వేల డాలర్లకును, అదే దేశపు ఆడమ్ గిల్‌క్రిస్టును 7 లక్షల డాలర్లకును తీసికొనిరి. ఇంత ధనము వెచ్చించియు నా యేడు ఎనిమిది పక్షములలో హైదరాబాదు వారే కట్టకడపట నిలిచిరి. మరుసటి సంవత్సరము దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలలో నా పక్షమే విజయము గాంచెను. అప్పుడు నాయకుడు గిల్‌క్రిస్టు. ఆ పోటీలన్నిటిలో నుత్తమ ఆటగాడను బహుమతియు నతనికే లభించెను. సైమండ్సు వెలలో నించుమించు సగము వెలకు వచ్చినవాడు పక్షమును శిఖరమునకు చేర్చెను. కాబట్టి పాటలో పలికిన వెలయు, ఆటలో తేలిన విలువయు నొకటి కావని మొదటనే గ్రహింపవలెను.

ఈ రెంటికి నడుమ నున్న దూరమును కొలుచు విద్య అమెరికా దేశపు బేస్‌బాల్ ఆటలో మిక్కిలి పెరిగినది. ఆటగాండ్ర క్రయవిక్రయములును, వానిని గూర్చిన తగవులును అక్కడ నూరేండ్లకు పైబడి జరుగుచున్నవి. అందుచేత మన ప్రశ్నలకు సమాధానము నక్కడ వెదకుదము.

పూర్వమచ్చటి ఆటగాని ఒడంబడికలో నొక షరతు ఉండెడిది. ఒడంబడిక గడువు తీరినను ఆటగానిని మరియొక యేడు నిలుపుకొను హక్కు క్లబ్బునకు గలదు. ఆ యేటి ఒడంబడికలోను అదే షరతు ఉండుటచే నా హక్కునకు అంతము లేకపోయెను. ఆటగాడు ఆడిన ఆ క్లబ్బునకే ఆడవలెను. లేదా ఆట మానుకొనవలెను. క్లబ్బు మాత్రము వానిని తన యిష్టము వచ్చినవారికి అమ్మవచ్చును, మారకము వేయవచ్చును. 1919 సంవత్సరాంతమున బోస్టన్ క్లబ్బు యజమాని బేబ్ రూత్ అను ఆటగానిని లక్ష డాలర్లకు న్యూయార్కు యాంకీలకు అమ్మెను. ఆ లక్షయు చేరినది యజమానికి. అమ్ముడుపోయిన రూత్ మరుసటి యేడు 54 హోమ్ రన్నులు కొట్టి దేశము నాశ్చర్యమున ముంచెను.

ఈ యేర్పాటును ఎదిరించినవాడు కర్ట్ ఫ్లడ్. ఇతడు సెయింట్ లూయిస్ క్లబ్బున పండ్రెండేండ్లాడిన నల్లజాతి ఆటగాడు. మైదానమున బంతి పట్టుటలో నేటేట బహుమతి నందినవాడు. ఏటికి 90 వేల డాలర్ల జీతము. 1969 అక్టోబరులో నతనిని ఫిలడెల్ఫియా క్లబ్బునకు మారకము వేసితిమని యొక యుద్యోగి టెలిఫోనులో తెలిపెను. ఫ్లడ్ పోనొల్లలేదు. ఆ డిసెంబరులో లీగు అధిపతికి లేఖ వ్రాసి, తాను కొనుటకును అమ్ముటకును తగిన సొత్తు కాననియు, ఇతర క్లబ్బుల మాటయు వినుటకు తనకు హక్కు గలదనియు తెలియజేసెను. మన చిన్నవాడడిగిన ఎద్దు ప్రశ్న యిదియే. జీతము స్వల్పమని యాతడు వాదింపలేదు. 90 వేలు నాడు గొప్ప జీతమే. "కాదు" అనుటకు వీలులేని చోట జీత మెంత హెచ్చైనను నది స్వేచ్ఛ కాదని యాతని తలంపు.

వ్యాజ్యము సుప్రీము కోర్టు వరకు సాగెను. 1972లో ఐదుగురు న్యాయమూర్తులు ప్రతికూలముగను, ముగ్గురు అనుకూలముగను చెప్పగా ఫ్లడ్ ఓడిపోయెను. 1970వ సంవత్సరమంతయు నతడు ఆడలేదు. మరుసటి యేడు వాషింగ్టను పక్షమున కొలది ఆటలాడి విరమించెను. కాని యాతడు లేవనెత్తిన ప్రశ్న విరమింపలేదు. 1975 డిసెంబరు 23వ తేదీన పీటర్ సైట్జ్ అను మధ్యవర్తి, ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అను నిద్దరి విషయమున, ఆ షరతు ఒక్క యేటికే గాని శాశ్వతము కాదని తీర్పు చెప్పెను. పిమ్మట కుదిరిన ఒప్పందమున, ఆరేండ్ల సేవ పూర్తిచేసి ఒడంబడిక తీరిన ఆటగాడు తనకు నచ్చిన క్లబ్బుతో బేరమాడుకొనవచ్చునని స్థిరపడెను. 1975లో సుమారు 45 వేల డాలర్లుగా నుండిన సగటు జీతము 1980 నాటికి సుమారు 1 లక్ష 44 వేలకు పెరిగెను. ఆటగాని వెల ఆటగానికే చేరుట ఆరంభించెను.

ఇక లెక్కకు వత్తము. ఒక ఆటగానికి ఎంత ఇయ్యదగును? ఆతడు కొట్టిన పరుగులన్నిటికిని వెల కట్టుట పొరపాటు. ఆతడు లేనిచో నా స్థానము శూన్యముగా నుండదు గదా! కొలది జీతమునకు దొరకు సాధారణ ఆటగాడొకడు అక్కడ నిలుచును. వానికంటె నితడెంత హెచ్చో, యంతకే హెచ్చు ధనము చెల్లింపవలెను. ఉదాహరణమునకు, సాధారణుడు ఏడాదిలో తన పక్షమునకు 60 పరుగుల లాభము చేకూర్చు ననుకొందము. ప్రసిద్ధుడు 100 పరుగుల లాభము చేకూర్చును. ప్రసిద్ధుని నిజమైన అధికత నూరు కాదు, నలువదియే. బేస్‌బాల్‌లో సుమారు పది పరుగులకు ఒక గెలుపు అని లెక్కించుట వాడుక. అనగా నితనివలన ఏటికి నాలుగు గెలుపులు హెచ్చును. ఆ నాలుగు గెలుపులకు ఎంత ఇయ్యవచ్చునో క్లబ్బు తన రాబడిని బట్టి చూచుకొనవలెను.

ఇంతటితో లెక్క ముగియదు. మనము కొనునది గడచిన ఆట కాదు, రాబోవు ఆట. ముప్పది యేండ్లు దాటిన ఆటగాని శక్తి సాధారణముగా ఏటేట కొంత తరుగును. పై ఆటగానితో ఐదేండ్లకు ఒడంబడిక చేసికొంటి మనుకొందము. ఏటికి నాలుగు చొప్పున ఇరువది గెలుపులని తలచి ధనమిచ్చితిమి. కాని యేటేట అర గెలుపు తరిగినచో వరుసగా 4, 3½, 3, 2½, 2. మొత్తము 15 మాత్రమే. ఐదు గెలుపుల ధనము వ్యర్థమైనది. ఈ కూడిక మన ఐదవ తరగతి విద్యార్థియు చేయగలడు. కాని కోట్లు గల క్లబ్బులును దీనిని మరచుచుండును. ఆల్బర్ట్ పూహోల్స్ అనునతడు సెయింట్ లూయిస్‌లో పదునొకం డేండ్లాడి 445 హోమ్ రన్నులు కొట్టి, మూడు పర్యాయములు లీగులో నుత్తమ ఆటగాడనిపించుకొనెను. 2011 డిసెంబరులో, ముప్పదిరెండవ యేడు సమీపించుచుండగా, కాలిఫోర్నియాలోని ఏంజెల్స్ క్లబ్బు వారు పదేండ్లకు సుమారు 24 కోట్ల డాలర్లు ఇచ్చుట కొప్పుకొనిరి. తొలి క్లబ్బున వేయింటికి 328గా నుండిన యాతని బ్యాటింగు సగటు ఇక్కడ 256కు దిగెను. గడువు తీరకమునుపే, 2021లో, వారతనిని విడిచిపెట్టిరి. ఆతడు సోమరి కాడు, మోసగాడు కాడు. నిన్నటి కీర్తిని రేపటి బలమని యెంచి కొన్నవారిదే పొరపాటు.

మారకములో నీ లెక్క మరియొక రూపము దాల్చును. ఒకరు లాభపడినచో నెదుటివారు మోసపోయిరని లోకులనుకొందురు. అది నిజము కాదు. 1987 ఆగస్టులో డెట్రాయిట్ క్లబ్బు విజయమునకు సమీపమున నుండెను. వారికి వెంటనే పనికివచ్చు బంతి విసరువాడు కావలెను. అట్లాంటా వారు ఆ యేటికి ఆశ వదలుకొని, రాబోవు కాలమునకై చూచుచుండిరి. అట్లాంటా తన 36 ఏండ్ల డాయిల్ ఆలెగ్జాండరు నిచ్చి, డెట్రాయిట్ వారి 20 ఏండ్ల జాన్ స్మోల్ట్జ్ అను, పై లీగులో నింకను ఆడని పిల్లవానిని పుచ్చుకొనెను. ఆలెగ్జాండరు ఆ యేడు మిగిలిన దినములలో తొమ్మిది గెలిచి ఒకటియు నోడలేదు. డెట్రాయిట్ రెండు ఆటల తేడాతో తన విభాగమున ప్రథమస్థానము పొందెను. స్మోల్ట్జ్ అట్లాంటాకు 2008 వరకు ఆడి, 2015లో ఆ క్రీడ యొక్క కీర్తిమందిరమున స్థానము గాంచెను. ఆకలిగొన్నవానికి నేటి అన్నము, రైతునకు రేపటి విత్తనము. విలువ ఆటగాని యందే గాక కొనువాని యవసరమునందును కలదని దీనివలన తెలియుచున్నది.

కొలతబద్దయే తప్పైనచో లెక్కలన్నియు తప్పగును. బేస్‌బాల్‌లో చిరకాలము బంతిని చక్కగా కొట్టినవానినే మెచ్చుకొనెడివారు. చెడ్డ బంతులను నాలుగింటిని కొట్టక విడిచినవాడును మొదటి బేసునకు ఉచితముగా పోవును. కాని యా యోర్పు బ్యాటింగు సగటులో చేరదు. కాబట్టి దానికి బజారులో వెల తక్కువ. 2002లో ఓక్లండ్ క్లబ్బు కార్యనిర్వాహకుడగు బిల్లీ బీన్ దీనిని గమనించి పని జరిపెను. అంతకు ముందే యాతని మేటి ఆటగాడు జేసన్ జియాంబీని యాంకీలు ఏడేండ్లకు 12 కోట్ల డాలర్లిచ్చి తీసికొనిపోయిరి. బీన్, ఇతరులు విడిచిన ఓర్పుగల బ్యాటుదారులను కొలది జీతములకు సమకూర్చెను. అందు స్కాట్ హాటెబర్గ్ ఒకడు. మోచేతి నరము దెబ్బతిని, బంతి విసరుటకు శక్తి తగ్గి, పూర్వపు స్థానమునకు పనికిరాకపోయినవాడు. వానికి క్రొత్త స్థానము నేర్పిరి. ఆ సెప్టెంబరు 4వ తేదీన, వరుసగా ఇరువదియవ గెలుపును తెచ్చిన హోమ్ రన్ను కొట్టినవాడు ఆ హాటెబర్గే. ఆ యేడు యాంకీల జీతములు సుమారు పన్నెండున్నర కోట్లు. ఓక్లండ్ వారివి సుమారు నాలుగు కోట్లు. గెలిచిన ఆటలు ఇరువురివియు 103. అయితే పిదపటి పోటీలలో నిరువురును మొదటి మెట్టుననే యోడిరి. మంచి లెక్క దీర్ఘకాలమున తోడ్పడును గాని, నాలుగైదు ఆటలలో నదృష్టమును జయింపజాలదు.

వేలమునందు మరియొక చిక్కు గలదు. ఎనిమిదిమంది ఒక వస్తువునకు వెల కట్టినప్పుడు, అందరికంటె హెచ్చుగా నూహించినవానికే యది దక్కును. ఆ హెచ్చు ఊహ తరచు పొరపాటు ఊహయే. కావుననే పాటలో గెలిచి లెక్కలో నోడువారు పెక్కుమంది. పాట పాడుటకు ముందే హద్దు వ్రాసికొని, దానిని దాటనివాడే బుద్ధిమంతుడు.

ఇక చిన్నవాని మొదటి ప్రశ్న. మనుష్యుని కొనవచ్చునా? కూడదు. కొనదగినది వాని కొన్నియేండ్ల ఆట మాత్రమే. అదియు వాని సమ్మతితోనే. మన క్రికెట్ వేలమున ఆటగాండ్రు తమ పేళ్లను తామే యిత్తురు; అది మేలు. కాని యే పక్షమునకు ఆడవలయునో కోరుకొను స్వేచ్ఛ వారికా పాటలో లేదు. కావున ఫ్లడ్ ప్రశ్న పూర్తిగా తీరినదని చెప్పజాలము. ఫ్లడ్ 1997లో మరణించెను. ఆతడు కోరిన స్వేచ్ఛ ఫలము నాతడు స్వయముగా ననుభవింపలేదు. బేస్‌బాల్ ఆటగాండ్రకు ఇతర వృత్తిక్రీడల వారితో సమానమగు రక్షణ నిచ్చు శాసనమునకు 1998లో అమెరికా ప్రభుత్వము ఆతని పేరు పెట్టెను. ఆ వ్యాజ్యమున నతడు పోగొట్టుకొన్నదానిని ఏ జీతపు పట్టికయు చూపదు. తరువాతి వారికి సంపాదించి పెట్టినదానిని ప్రతి జీతపు పట్టికయు చూపును.

బాలబాలికలారా, సంవత్సరాంతమున మీ చేతికి వచ్చు మార్కుల పట్టికయు నొక కొలతయే. దానిని తేలికగా నెంచవలదు. మీ రే విషయమున నెంత నేర్చితిరో అది చెప్పును. కాని హాటెబర్గు మోచేతిని చూచినవారు వాని యోర్పును చూడనట్లు, ఆ పట్టికలో గడి లేని గుణములు మీయందు కలవు. తల్లిదండ్రులును, మేమును ఆ గడి లేని గుణములకై కూడ వెదకవలసి యున్నది. ఆ చిన్నవానికి నేనానాడు రెండు మాటలే చెప్పితిని: "వెల కట్టునప్పుడు లెక్క తప్పకుము. వెల కట్టినది ఆటకే గాని మనుష్యునికి కాదని మరువకుము."