నాలుగు స్వరాల రాగం

మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930 జులై 6న తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మ వైణికురాలు. బిడ్డ పసిగుడ్డుగా ఉండగానే కన్నుమూశారు. తండ్రి పట్టాభిరామయ్య కొడుకును పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర సంగీతానికి పెట్టారు. ఆ గురువుది త్యాగరాజ శిష్యపరంపర. బాలమురళి ఎనిమిదేళ్లకే విజయవాడలో కచేరీ చేశారు. ‘మురళీకృష్ణ’కు ముందు ‘బాల’ చేర్చింది హరికథా విద్వాంసుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్.

కుర్రతనంలోనే 72 మేళకర్త (జనక) రాగాల్లోనూ కృతులు కట్టారు. సాహిత్యం, సంగీతం రెండూ తానే కూర్చుకున్న అసలైన వాగ్గేయకారుడు. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలన్నది పాత లెక్క. ఆయన తాను సృష్టించిన మహతి రాగానికి స, గ, ప, ని నాలుగే చాలన్నారు. లవంగికి స, రి, మ, ద. సర్వశ్రీకైతే స, మ, ప మూడే! వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ ఈ కొత్త రాగాలపై గట్టిగా వాదానికి దిగారు. స్వరాలు తగ్గితే మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు రాగాన్ని అల్లుకునే స్వేచ్ఛకు, చోటు తగ్గుతుందన్న మాట కొట్టిపారేయదగ్గది కాదు. కానీ బాలమురళి గొంతులో మహతి విన్నవారికి ఆ ఇరుకు తోచదు.

1967 నాటి ‘భక్త ప్రహ్లాద’ సినిమాలో నారదుడూ ఆయనే. 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రాన్స్ ప్రభుత్వ షెవాలియర్ పురస్కారం అందుకున్నారు. 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు.