సొరబుర్ర మీద మొదలైన పాట

మీరు ఫిడేలు చూసే ఉంటారు. మన పాటకచేరీల్లో విద్వాంసుడు దాని ఒక కొసను గుండెకూ, రెండో కొసను పాదానికీ ఆనించి వాయిస్తాడు. ఆ ఫిడేలుకు ఒక పెద్దన్న ఉన్నాడు. అతని పేరు చెల్లో. నాలుగడుగుల పొడవుండే ఈ వాద్యాన్ని గుండెకు ఎత్తుకోవటం ఎవరికి సాధ్యం? అందుచేత విద్వాంసుడు కుర్చీలో కూచుని, దాన్ని మోకాళ్ళ నడుమ నిలబెట్టి వాయిస్తాడు. దీనికీ నాలుగే తీగలు. కాని అవి బాగా పొడుగు, లావు కూడా. తీగ పొడవూ బరువూ పెరిగినకొద్దీ నిదానంగా కంపిస్తుంది. అందుకే చెల్లో గొంతు మంద్రంగా ఉంటుంది.

ఈ చెల్లోను ప్రపంచమంతా చెవి ఒగ్గి వినేటట్టు చేసినవాడు పాబ్లో కాసల్స్. ఆయన 1876 డిసెంబరు 29న, స్పెయిన్ దేశపు కాటలోనియా ప్రాంతంలో, వెండ్రెల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. ఆ ఇంట్లో సంగీతానికి లోటు లేదు, లోటల్లా డబ్బుకే.

ఒకసారి ఆ ఊరికి దేశదిమ్మరులైన వాద్యగాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకడు చీపురుకర్రకు తీగ కట్టి వాయించాడు. తనకూ అటువంటిది కావాలని పాబ్లో పట్టుబట్టాడు. తండ్రి ఎండిన సొరబుర్ర తెచ్చి, కర్ర తగిలించి, ఒకే ఒక తీగ బిగించి ఇచ్చాడు. ఆ ఒంటితీగ మీదనే కుర్రవాడు పాటలు పలికించాడు.

పదకొండో ఏట అతను మొదటిసారి అసలైన చెల్లో విన్నాడు. ఇక అతనికి మరే వాద్యమూ రుచించలేదు. కాని సంగీతం కూడు పెడుతుందా? కొడుకుకు వడ్రంగం నేర్పించటం మేలని తండ్రి అనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. 1888లో ఆమె పాబ్లోను వెంటబెట్టుకుని బార్సెలోనా నగరం వెళ్ళి, అక్కడి సంగీత పాఠశాలలో చేర్చింది.

ఆ రోజుల్లో చెల్లో నేర్చేవారికి ఒక విచిత్రమైన నియమం ఉండేది. కుడి చంకలో పుస్తకం పెట్టుకుని, అది కింద పడకుండా కమాను ఆడించాలి! మీరే చేసి చూడండి. చంకలో పుస్తకం ఇరికించుకుని చేతిని దూరంగా చాచండి. మోచెయ్యి కదలదు గదా? పాబ్లో ఆ పుస్తకం తీసేశాడు. చెయ్యి స్వేచ్ఛగా ఆడితే పాట కూడా స్వేచ్ఛగా పలుకుతుందని గ్రహించాడు. ఎడమచేతి వేళ్ళను కూడా బాగా చాపి వాయించసాగాడు. దాంతో మాటిమాటికీ చేతిని తీగ మీద జార్చే పని తప్పింది.

చదువు ఖర్చుల కోసం అతను సాయంత్రాలు ఒక కాఫీ హోటల్లో వాయించేవాడు. 1890లో ఒకనాడు తండ్రితో కలిసి వాయించదగిన పాటల కోసం పాత కాగితాల దుకాణంలో వెతుకుతూ ఉండగా, ఒక పాత కట్ట దొరికింది. అది బాఖ్ అనే మహా సంగీతకర్త ఒంటరి చెల్లో కోసం రాసిన ఆరు రచనల సంపుటి. అప్పట్లో చాలామంది వాటిని వట్టి సాధన పాఠాలుగానే ఎంచేవారు. పాబ్లో వాటిని రోజూ సాధన చేశాడు. ఎన్నేళ్ళనుకున్నారు? పన్నెండేళ్ళు! ఆ తరవాతగాని వాటిలో ఒకదాన్ని సభలో వాయించటానికి సాహసించలేదు.

1899లో లండన్, పారిస్ నగరాలు ఆయన కచేరీలు విన్నాయి. కీర్తి వచ్చింది, డబ్బూ వచ్చింది. ఆ డబ్బుతో ఆయన 1920లో బార్సెలోనాలో ఒక వాద్యబృందం నెలకొల్పాడు. కూలినాలి చేసుకునేవారు కూడా కొద్ది రుసుముతో ఆ సంగీతం వినే ఏర్పాటు చేశాడు.

1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. 1939లో ఫ్రాంకో అనే సేనాని గెలిచి నియంత అయ్యాడు. కాసల్స్ సరిహద్దు దాటి, ఫ్రాన్సులో ప్రాద్ అనే చిన్న ఊరు చేరాడు. తనలాగే పారిపోయి వచ్చి శిబిరాల్లో తిండికీ బట్టకూ అల్లాడుతున్నవారి కోసం ఉత్తరాలు రాసి సాయం కూడగట్టాడు. 1945లో ప్రపంచయుద్ధం ముగిసింది. గెలిచిన దేశాలు ఫ్రాంకోను తొలగిస్తాయని ఆయన ఆశించాడు. అవి ఊరుకున్నాయి. అప్పుడు కాసల్స్ ఏం చేశాడు? కచేరీలు మానేశాడు!

ఆలోచించండి. ఆయనకు ఉన్న ఆయుధం చెల్లో ఒక్కటే. దాన్ని మూగబుచ్చి అన్యాయాన్ని ఎదిరించాడు. అయితే సాధన మానలేదు, తన దగ్గరికి వచ్చిన శిష్యులకు నేర్పటమూ మానలేదు. 1950లో, బాఖ్ చనిపోయి రెండువందల ఏళ్ళయిన సందర్భంలో, ఎన్నో దేశాల వాద్యకారులు ఆయనను వెతుక్కుంటూ ఆ పల్లెకే వచ్చారు. వారితో కలిసి ఆయన మళ్ళీ వాయించాడు.

తరవాత ఆయన తల్లి పుట్టిన ప్యూర్టోరికో ద్వీపంలో స్థిరపడి, అక్కడ సంగీత విద్యాలయం ఏర్పడటానికి తోడ్పడ్డాడు. ఎనభై దాటాక కూడా యువకులకు పాఠాలు చెప్పాడు. 1971లో, తొంభైనాలుగో ఏట, ఐక్యరాజ్యసమితి సభలో తన ఊరి వైపు జనం పాడుకునే పక్షుల పాట ఒకటి వాయించాడు.

కాసల్స్ 1973 అక్టోబరు 22న కన్నుమూశాడు. అప్పటికింకా ఫ్రాంకో పాలన పోలేదు. అది పోయి ప్రజాస్వామ్యం వచ్చాక, 1979లో, ఆయన అస్థికలను సొంత ఊరు వెండ్రెల్‌కు తీసుకువచ్చారు. ఆ ఊరి సముద్రతీరాన ఆయన కట్టుకున్న ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. అక్కడ దాచిన వస్తువుల్లో ఒకటి, తండ్రి చేసి ఇచ్చిన ఆ సొరబుర్ర.