ఆన్‌లైన్ విద్యలో ఉపాధ్యాయుని పాత్ర

ఆన్‌లైన్ విద్యలో ఉపాధ్యాయుని పాత్ర అనగా, ఉపాధ్యాయుడు, విద్యార్థి ఒకే గదిలో లేనప్పుడు విద్యార్థి అభ్యసనాన్ని ఆరంభింపజేసి, గమనించి, సరిదిద్ది, కడదాకా నడిపించే బాధ్యత. అంతర్జాలం ద్వారా పాఠాన్ని ఎంత దూరమైనా పంపవచ్చును. అది విద్యార్థికి అందినదా, అర్థమైనదా, ఎక్కడ ఆగిపోయినది అన్నవి తెలుసుకొనడానికి మాత్రం ఆ విద్యార్థిని ఎరిగిన మనిషి కావాలి. గోదావరి డెల్టాలో ధవళేశ్వరం వద్ద కాలువలకు నీరు వదిలినంత మాత్రాన శివారు భూములు తడవవు; తూముల వద్ద లస్కర్లు కనిపెట్టి ఉండాలి. ఆన్‌లైన్ విద్యలో ఉపాధ్యాయుని పని అటువంటిది. 2020-21 సంవత్సరాలలో కోవిడ్-19 వలన పాఠశాలలు మూతబడినప్పుడు ఉభయ గోదావరి జిల్లాలతో సహా రాష్ట్రమంతటా ఈ విషయం స్పష్టమైనది.

నేపథ్యం

ఉపాధ్యాయునికి దూరంగా ఉండి చదువుకొనే పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో దూరవిద్యా కోర్సులను ప్రారంభించినది. 1982 ఆగస్టు 26న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినది. ఇది దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఉద్యోగస్తులు, గృహిణులు, మధ్యలో చదువు మానిన వారు దీని ద్వారా పట్టభద్రులైనారు. తపాలాలో వచ్చే పాఠ్యపుస్తకాలతో సరిపెట్టక, రాజమండ్రి, కాకినాడ, ఏలూరు వంటి పట్టణాల కళాశాలలలో అధ్యయన కేంద్రాలను నెలకొల్పి, సెలవు దినాలలో తరగతులు నిర్వహించారు. పుస్తకం ఎంత వివరంగా వ్రాసినా, సందేహం అడగడానికి ఒక మనిషి ఉండాలన్న గుర్తింపు దూరవిద్యలో ఆనాడే ఉన్నది.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి విద్యారంగం కోసమే రూపొందించిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. రాష్ట్రంలో 'మన టీవీ' ద్వారా ఉపగ్రహ పాఠాలు ప్రసారమయ్యాయి. 2008లో స్థాపించిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, గ్రామీణ విద్యార్థులకు లాప్‌టాప్‌లు ఇచ్చి, కంప్యూటరు ఆధారిత పాఠాలతో బోధన ఆరంభించినది. దీని నూజివీడు ప్రాంగణంలో గోదావరి జిల్లాల పిల్లలు అనేకులు చదివారు. అక్కడ కూడా పాఠం తెరపై నడుస్తున్నప్పుడు తరగతి గదిలో మార్గదర్శకులు ఉండి విద్యార్థుల సందేహాలు తీర్చేవారు.

కోవిడ్ కాలపు అనుభవం

2020 మార్చిలో పాఠశాలలు మూతబడిన తరువాత, పదవ తరగతి విద్యార్థుల కొరకు దూరదర్శన్ సప్తగిరి ఛానల్‌లో 'విద్యామృతం' పేరిట పాఠాలు ప్రసారం చేశారు. ఆకాశవాణి కూడా పాఠాలు వినిపించినది. విద్యార్థులను మూడు వర్గాలుగా చూడవలసి వచ్చినది: అంతర్జాల సదుపాయం గలవారు, రేడియో లేక టీవీ మాత్రమే గలవారు, ఏదియూ లేనివారు. ఏ పిల్లవాడు ఏ వర్గంలోకి వస్తాడో చెప్పగలిగినవారు ఆయా ఊళ్ళ ఉపాధ్యాయులే.

అసర్ సర్వే ప్రకారం, దేశంలో గ్రామీణ ప్రాంతపు బడిపిల్లలలో ఇంట స్మార్ట్‌ఫోన్ ఉన్నవారు 2018లో 36.5 శాతం కాగా, 2020 నాటికి 61.8 శాతానికి పెరిగారు. అయితే ఇంట ఫోన్ ఉండుట వేరు, పిల్లవాని చేతికి ఫోన్ అందుట వేరు. రొయ్యల చెరువుకో, కూలిపనికో, చేపల వేటకో వెళ్ళే తండ్రి ఫోన్‌ను వెంట తీసుకొని పోతే, ఉదయం పది గంటలకు పంపిన పాఠాన్ని పిల్లవాడు చూసేది రాత్రికే. ఇంట ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే వంతులు తప్పవు. 2020 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చి, ధవళేశ్వరం వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక జారీ అయినది. వరద వేళ లంక గ్రామాలలో విద్యుత్తు నిలిచిపోతే ఫోన్‌కు ఛార్జింగ్ కూడా కరవే. డెల్టాకు ఎగువన ఉన్న ఏజెన్సీ గ్రామాలలో ఫోన్ ఉన్నా సంకేతాలు అందని చోట్లు ఉన్నాయి.

2020 సెప్టెంబరు 21 నుండి 9 మొదలు 12వ తరగతి వరకు విద్యార్థులు, తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతితో, కేవలం ఉపాధ్యాయుల మార్గదర్శనం కొరకు పాఠశాలకు రావచ్చునని కేంద్ర ప్రభుత్వం అనుమతించినది. రాష్ట్రంలో 9, 10 తరగతులు 2020 నవంబరు 2న తిరిగి మొదలయ్యాయి. మరుసటి వేసవిలో మరల మూతబడిన బడులు 2021 ఆగస్టు 16న తెరుచుకున్నాయి. 2020, 2021 సంవత్సరాల పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు రెండూ రద్దయినవి. పరీక్ష అనే కొలబద్ద లేనప్పుడు, పిల్లవాడు ఎంతవరకు నేర్చినాడో ఉపాధ్యాయుని పరిశీలన ద్వారానే తెలియవలసి వచ్చినది.

ఉపాధ్యాయుని విధులు

రాని వారిని గుర్తించుట: తరగతి గదిలో ఖాళీ బల్ల వెంటనే కంటబడుతుంది. ఆన్‌లైన్ తరగతిలో రాని విద్యార్థి కనిపించడు. వచ్చినవారి పేర్లే తెరపై ఉంటాయి. కావున హాజరు పట్టికలో లేని పేర్లను వెదకి, కారణం కనుగొనుట ప్రథమ కర్తవ్యం. ఫోన్ లేని వానికి అభ్యాస పత్రం పంపవచ్చును, లేదా ఇరుగుపొరుగు విద్యార్థితో జతపరచవచ్చును.

పాఠాన్ని ఎంపిక చేయుట: అంతర్జాలంలో పాఠాలకు కొదువ లేదు. ఐఐటీల ఎన్‌పీటెల్ 2003లోను, స్వయం, దీక్షా వేదికలు 2017లోను మొదలయ్యాయి. పాఠ్యపుస్తకాలలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో చూస్తే దీక్షాలోని పాఠం తెరుచుకుంటుంది. ఇన్నింటిలో తన విద్యార్థులకు ఏది తగినది, ఏది ముందు, ఏది తరువాత అని నిర్ణయించుట ఉపాధ్యాయుని పని. గంటసేపు నడిచే పాఠం కన్నా, పది నిమిషాల పాఠం, దాని వెంట రెండు ప్రశ్నలు తక్కువ డేటా గల ఇంటికి ఉపయోగకరం.

అర్థమైనదో లేదో పరీక్షించుట: "అర్థమైందా?" అని అడిగితే "అయింది సార్" అని సమాధానం వస్తుంది. వాట్సాప్‌లో బొటనవ్రేలి గుర్తు వస్తుంది. ఇవి మర్యాదకు గుర్తులే గాని అవగాహనకు కావు. విన్నదానిని విద్యార్థి తన మాటలలో చెప్పాలి, వ్రాయాలి, లేదా కొత్త లెక్కకు అన్వయించాలి.

తప్పును చదువుట: ఉపాధ్యాయుని అవసరం అన్నిటికన్న మిన్నగా తెలిసేది ఇక్కడే. దీర్ఘచతురస్రాకారపు కొబ్బరితోట పొడవు 40 మీటర్లు, వెడల్పు 25 మీటర్లు అయితే వైశాల్యం ఎంత అని అడిగినారనుకుందాం. సరైన సమాధానం 1000 చదరపు మీటర్లు. ఒక విద్యార్థి 130 అని పంపినాడు. సరిచూసే యంత్రాలలో చాలావరకు 'తప్పు' అని చూపి తరువాతి ప్రశ్నకు పోతాయి. నోటుపుస్తకపు ఫొటో తెప్పించుకొని చూసిన ఉపాధ్యాయునికి, పిల్లవాడు పొడవు వెడల్పులను కలిపి రెట్టింపు చేసినాడని, అనగా చుట్టుకొలతను కనుగొన్నాడని తెలుస్తుంది. అతనికి గుణకారం వచ్చును, కూడిక వచ్చును. రానిది చుట్టుకొలతకు, వైశాల్యానికి గల భేదం. "తోట చుట్టూ కంచె వేయడానికి ఎన్ని మీటర్లు కావాలి? తోటలోని నేల అంతా ఎరువు చల్లాలంటే ఏది కొలవాలి?" అని రెండు ప్రశ్నలు వేస్తే, విద్యార్థి తన తప్పును తానే పట్టుకుంటాడు. సమాధానం చెప్పివేయుట కన్నా ఇది నిలిచి ఉంటుంది.

క్రమంగా చేయి వదలుట: ఆన్‌లైన్ విద్యలో సమయపాలన, శ్రద్ధ విద్యార్థి చేతిలోనే ఉంటాయి. ఆరంభంలో ప్రతిదినం పలకరించి, పిదప వారానికి ఒకసారికి తగ్గించి, తన చదువును తాను ప్రణాళిక వేసుకొనే స్థితికి తీసుకొని రావాలి.

సైద్ధాంతిక పునాదులు

రష్యా మనోవిజ్ఞానవేత్త లెవ్ వైగాట్‌స్కీ ప్రతిపాదించిన 'సామీప్య వికాస మండలం' భావన ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారందరికీ పరిచితమే. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగిన దానికి, తెలిసినవారి సాయంతో చేయగలిగిన దానికి నడుమ గల మేర ఇది. 1976లో వుడ్, బ్రూనర్, రాస్‌లు ఆ సాయాన్ని భవన నిర్మాణంలో కట్టే పరంజాతో పోల్చారు. గోడ నిలిచిన పిదప పరంజాను తీసివేస్తారు. అమెరికా విద్యావేత్త మైకేల్ మూర్, దూరవిద్యలోని దూరం కేవలం మైళ్ళలో కొలిచేది కాదని, సంభాషణ తగ్గిన కొద్దీ పెరిగే దూరమని వివరించాడు. 1989లో ఆయన విద్యార్థికి పాఠంతోను, ఉపాధ్యాయునితోను, తోటి విద్యార్థులతోను ఉండవలసిన మూడు విధాల సంబంధాలను పేర్కొన్నాడు. 2000లో కెనడాకు చెందిన గారిసన్, ఆండర్సన్, ఆర్చర్‌లు ఆన్‌లైన్ అభ్యసనంలో ఆలోచన, సాంఘికత, బోధన అనే మూడు 'ఉనికి'లు ఉండాలని ప్రతిపాదించారు. బోధనా ఉనికి అనగా ఉపాధ్యాయుడు తెరపై కనిపించుట కాదు. అభ్యసనాన్ని రూపొందించి, సంభాషణను నడిపి, విద్యార్థులకు దిశ చూపుట.

ఇబ్బందులు

ఆన్‌లైన్ బోధన వలన ఉపాధ్యాయుని పని తగ్గుతుందన్న భావన అనుభవంలో నిలువదు. నలభై మంది పంపిన ఫొటోలను ఫోన్ తెరపై దిద్దుట నలభై పుస్తకాలు దిద్దుట కన్నా కష్టం. రాత్రి వచ్చే సందేశాలకు హద్దు ఉండదు. కావున సందేహాలకు నియమిత వేళ ప్రకటించుట మేలు. విద్యార్థినుల ఫోన్ నంబర్లు అందరికీ కనిపించే సమూహాలలో గోప్యత సమస్య కలదు. ప్రయోగాలు, ఆటలు, చిన్న తరగతులలో అక్షరాలు దిద్దించుట వంటివి దూరం నుండి సరిగా జరుగవు. బడులు తెరిచిన తరువాత జరిపిన 2022 అసర్ సర్వేలో, దేశంలోని గ్రామీణ 3వ తరగతి పిల్లలలో 2వ తరగతి వాచకం చదువగలిగినవారు 20.5 శాతం మాత్రమే. 2018లో వీరు 27.3 శాతం.

తరువాతి పరిణామాలు

2020 జాతీయ విద్యావిధానం ఆన్‌లైన్ విద్యకు 24వ అధ్యాయాన్ని కేటాయించి, దానిని అనుభవపూర్వకమైన, కృత్యాధారమైన అభ్యసనంతో మేళవించాలని సూచించినది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు, వారికి బోధించే ఉపాధ్యాయులకు పాఠాలు నింపిన ట్యాబులు పంపిణీ చేసినది. అదే సంవత్సరం చివర నుండి ప్రశ్న అడిగిన వెంటనే జవాబు వ్రాసి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు కూడా ప్రచారంలోకి వచ్చాయి. దీనితో ఇంటిపనిలో సరైన జవాబు ఉన్నంత మాత్రాన విద్యార్థి నేర్చినట్లు భావించుటకు వీలు లేకుండా పోయినది. ఆ జవాబు ఎలా వచ్చినదో విద్యార్థి నోట చెప్పించుట, ఏ మెట్టు వద్ద తడబడినాడో కనిపెట్టుట ఉపాధ్యాయుని విధులలో మరింత ముఖ్యమైనవి.