యుద్ధం ముగిసినా మానని గాయం

యుద్ధంలో కాలు పోయిన సిపాయిని చూస్తే అందరం అయ్యో అంటాం. మనసు దెబ్బతిన్న సిపాయిని మాత్రం "తాగుబోతు, కోపిష్టి" అని తప్పుకుపోతాం. ఆ కోపంలో అతడు ఎవరినైనా కొడితే జైలుకు పోతాడు. అతడికి జబ్బు ఉండవచ్చునన్న ఆలోచన అక్కడ కూడా ఎవరికీ రాకపోవచ్చు.

అమెరికాలో 2011-12లో జరిగిన ప్రభుత్వ సర్వేలో సుమారు 1,81,500 మంది మాజీ సైనికులు జైళ్ళలో ఉన్నట్లు తేలింది. వారిలో దాదాపు సగం మందికి మానసిక వ్యాధి ఉన్నదని డాక్టర్లు ఏదో ఒకప్పుడు చెప్పినవారే.

ఏమిటీ జబ్బు?

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో దీనిని "షెల్ షాక్" అన్నారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం "పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్" అనే పేరుతో జబ్బుల పట్టికలో చేర్చింది. చావును దగ్గరగా చూసిన మనిషి మెదడు, ప్రమాదం తప్పిపోయాక కూడా కాపలా మానదు. పీడకలలు, టపాకాయ పేలితే ఉలికిపాటు, నిద్రలేమి, చిరాకు, అయినవాళ్ళకు దూరంగా ఉండటం దీని లక్షణాలు. ఇవి నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

కొందరు నిద్ర కోసం తాగుడు మొదలుపెడతారు. తాగితే కోపం అదుపు తప్పుతుంది. జైలుకు దారి తీసేది ఎక్కువగా ఇదే. అంతేకాని ఈ జబ్బున్న వాళ్ళంతా నేరస్థులని భ్రమపడకండి. చాలామంది ఎవరికీ హాని చెయ్యరు. ఇక జైలులో ఇనుప తలుపుల చప్పుడు, అరుపులు, ఒంటరి గది జబ్బును మరింత పెంచుతాయి.

నయమవుతుందా?

చాలామందికి నయమవుతుంది. అనుభవం ఉన్న వైద్యుడు మాటల ద్వారా చేసే చికిత్స, అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులు బాగా పనిచేస్తాయి. అమెరికాలోని బఫెలో నగరంలో జడ్జి రాబర్ట్ రసెల్ 2008లో మాజీ సైనికుల కోసం ప్రత్యేక కోర్టు ప్రారంభించారు. అక్కడ ముద్దాయి జైలుకు బదులు కోర్టు కనిపెట్టి ఉండగా చికిత్స పొందుతాడు. తోడుగా మరొక మాజీ సైనికుడు ఉంటాడు. ఇప్పుడు ఆ దేశంలో ఇలాంటి కోర్టులు వందల సంఖ్యలో ఉన్నాయి.

మీరేం చెయ్యాలి?

మన పల్లెల నుంచి కూడా ఎందరో సైన్యంలోకి వెళ్ళారు. మీ ఇంటి మాజీ సైనికుడు కేసులో చిక్కుకుంటే, అతడి సర్వీసు సంగతి, నిద్ర, తాగుడు, పాత చికిత్స వివరాలు వకీలుకూ, జైలు డాక్టరుకూ వెంటనే చెప్పండి. రోజూ తాగేవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణాపాయం కూడా. ఈ మాట దాచకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఖైదీల మానసిక చికిత్స కోసం ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలంటోంది. కనుక చికిత్స అడగడానికి మొహమాటపడకండి.

ఇంకా ఇంట్లోనే ఉంటే, "మిలిటరీవాడివి, నీకు భయమేమిటి?" అని ఎగతాళి చెయ్యకండి. చచ్చిపోతానని ఎప్పుడైనా అంటే బెదిరింపు అనుకోకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ సలహాదారులు రాత్రయినా పగలైనా ఉచితంగా మాట్లాడతారు. జైలు దాకా పోనివ్వకుండా ఆపగలిగేది ముందుగా మీరే.