పటములోని నల్లనలుసులు

శింగనమల ప్రాంతపు వేరుసెనగ చేలలో తామరపురుగు నెరుగని రైతు ఉండడు. 2000వ సంవత్సరమున అనంతపురం జిల్లాలో విజృంభించిన కాండపు కుళ్ళు తెగులును, వయ్యారిభామ కలుపుమొక్క పుప్పొడితోపాటు, చేలలోనికి మోసినది మిల్లీమీటరు పొడవైన ఈ ప్రాణియే. అయితే గోడపై వ్రేలాడు పెద్దల పటములోనికి సైతము ఈ జాతి పురుగులు చొరబడగలవని తెలిసినవారు అరుదు.

ఇరుకు సందు కనబడినచో దూరి, మేనికి ఇరువైపుల ఒరిపిడి తగులునట్లు నక్కియుండుట వీటి స్వభావము. కావున అద్దమునకును అట్టకును నడుమనున్న వెండ్రుకవాసి యెడమే వాటికి చాలును. అచటనే అవి చచ్చిన పిమ్మట, తాతగారి నుదుటిపై విభూతిరేఖల నడుమ, పైనుండి ఎంత తుడిచినను పోని నల్లనలుసొకటి మిగులును.

వెనుక అట్టకు మేకులు కొట్టినంతమాత్రమున పటము మూసుకొనదు. అద్దము, చిత్రము, అట్ట అను మూడింటిని ఒక్కటిగా పేర్చి, వాటి అంచులచుట్టును జిగురుకాగితపు పట్టీని, అద్దముపై చట్రము కప్పునంత మేరకే మడిచి అతికి, పిదప చట్రమున కూర్చి, వెనుకవైపంతటను దళసరి ఖాకీకాగితము నంటింపవలెను. సెల్లోటేపు పనికిరాదు, మన ఎండలకు దాని జిగురు ఎండి ఊడును. ఉత్త మైదాజిగురు సిల్వర్‌ఫిష్ పురుగులకు ఆహారము. అందుకే పుస్తకములు కుట్టువారు దానిలో మైలుతుత్తము కలుపుదురు. అది విషము గనుక పిల్లలకు అందనీయరాదు, చిత్రమునకు తాకనీయరాదు.

ముసురుపట్టిన దినమున ఈ పని చేయరాదు. తేమ లోపలనే చిక్కి బూజు పట్టును. ఇదివరకే పురుగు చొచ్చిన పటమునైతే విప్పి, మెత్తని పొడికుంచెతో నలుసులను దులుపవలెను. తడిగుడ్డతో నలిపినచో మరక కాగితములోని కింకును.